తడిసిన చీటీ

పోయిన నెల మా పాత శాఖవాళ్లు కొత్తగా చేరిన ల్యాబ్ అసిస్టెంట్లకు శిక్షణ పెట్టారు. రిటైరైనవాళ్లలో ఎవరైనా నాలుగు మాటలు చెబితే బాగుంటుందని నన్ను పిలిచారు. నేను మాట్లాడడం అయిపోయాక వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, మీకు ఈ పని మొదటి నుంచి ఇష్టమేనా?" అని అడిగింది. "మొదటి రోజు నుంచీ ఇష్టమేనమ్మా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వస్తూ ఆటోలో కూర్చున్నాక నాకే సిగ్గనిపించింది. ముప్పై ఏళ్లు నౌకరీ చేసి, చివరికి పిల్లల ముందు అబద్ధం చెప్పి వచ్చాను. ఆ అమ్మాయి పేరేమిటో, ఎక్కడ పోస్టింగ్ ఇచ్చారో నాకు తెలియదు. ఆమెకు ఇవ్వాల్సిన జవాబు ఇది.

మాది వేల్పూర్ దగ్గర పసుపు పండించే ఇల్లు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇంటిల్లిపాది చేతులూ పచ్చగా ఉండేవి, నావి తప్ప. నన్ను పొలానికి రానిచ్చేవాడు కాదు మా బాపు. చదువుకుని నీడపట్టున కూర్చునే నౌకరీ చెయ్యాలని ఆయన పట్టుదల. కెమిస్ట్రీతో డిగ్రీ చేశాను. కాలేజీలో పాఠం చెప్పాలని నా ఆశ. వచ్చింది మాత్రం నిజామాబాద్‌లో మట్టి పరీక్షల ల్యాబ్‌లో అసిస్టెంట్ ఉద్యోగం. ఆర్డర్ కాగితం చూపిస్తే బాపు చాలాసేపు నవ్వాడు.

"మట్టిల పని వద్దని సదివిపిస్తే, మళ్ల మట్టి కాడికే పోయినవ్ గదనే బిడ్డా."

నాకు నవ్వు రాలేదు. చుట్టాలు ఏం నౌకరీ అని అడిగితే "అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్" అని మాట మార్చేదాన్ని.

పని ఇలా ఉండేది. రైతులు గుడ్డ సంచుల్లో అరకిలో మట్టి పంపిస్తారు. లోపల ఒక చీటీ ఉంటుంది: పేరు, ఊరు, సర్వే నంబరు, ఏ పంట వేస్తారు. ఆ మట్టిని పాత పేపర్ల మీద నీడలో ఆరబెట్టాలి, కొయ్య సుత్తితో నలగ్గొట్టాలి, జల్లెడ పట్టాలి, నంబరు వెయ్యాలి, నీళ్లలో కలిపి మీటర్ల మీద చూడాలి, వచ్చిన అంకెలు రిజిస్టర్లోనూ, రైతుకు పంపే సలహా కార్డు మీదా రాయాలి. మర్నాడు మళ్లీ సంచులు. నా చేతులు చురుకైనవి. రోజుకు అందరికంటే ఎక్కువ నమూనాలు నేనే తేల్చేదాన్ని. తొందరగా తేల్చడమే పని అనుకున్నాను. ఏడేళ్లు అలాగే గడిపాను. ఆ ఏడేళ్లలో ఒక్క సంచి కూడా ఏ పొలం నుంచి వచ్చిందో నేను చూడలేదు. చూడాలనిపించలేదు కూడా.

మా ల్యాబ్‌లో ఒక పెద్ద టెక్నీషియన్ ఉండేవాడు. రిటైర్‌మెంట్‌కు దగ్గర పడ్డ మనిషి. మేమంతా చాచా అనేవాళ్లం. ఆయన ఒక్కో సంచీ విప్పి, చీటీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని పైకి చదివేవాడు. "వర్ని దిక్కు మనిషి. మొక్కజొన్న ఏస్తడట. మంచిగనే ఉంది, ఎయ్యనియ్యి" అని తనలో తనే ముచ్చట పెట్టేవాడు. నేను పది సంచులు విప్పేలోపు ఆయన మూడు విప్పేవాడు. ముసలాయన కాలక్షేపం చేస్తున్నాడని లోపల విసుక్కునేదాన్ని.

ఒక ఏడాది మే నెలలో, వానాకాలం పంటకు ముందు, సంచులు గుట్టలుగా వచ్చాయి. వాటిలో బోధన్ అవతల ఒక ఊరి నుంచి రెండు సంచులున్నాయి. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, అన్నదమ్ముల పిల్లలు. రెంటిలోనూ చౌడు మట్టే, చెరకు వేద్దామని ఇద్దరూ రాశారు. దారిలో ఎక్కడ తడిశాయో, సంచులు రెండూ తడిగా ఉన్నాయి, చీటీల మీద సిరా పాకిపోయింది. విప్పి ఆరబెట్టే తొందరలో ఏ చీటీ ఏ సంచిలోదో నాకు గుర్తు లేకుండా పోయింది. అలాంటప్పుడు రెంటినీ పక్కన పెట్టి, కొత్త నమూనాలు పంపమని ఉత్తరం రాయాలి. అది నాకు తెలుసు. కానీ ఉత్తరమంటే ఫైలు, సంతకం, ఆలస్యం. కాసేపు చూసి, ఇది ఇతనిదే అయ్యుంటుందని ఒకదానికి ఒక నంబరు, రెండోదానికి ఇంకో నంబరు వేసేశాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

చౌడులో రెండు రకాలున్నాయి. తెల్లగా ఉప్పు పేరుకునేది పాలచౌడు. మంచినీళ్లు నిండుగా పెట్టి, ఇంకిపోయేలా వదిలితే ఉప్పు కరిగి కిందికి పోతుంది, నేల బాగుపడుతుంది. రెండోది కారుచౌడు. దానికి నీళ్లే శత్రువు. తడిస్తే జిగట, ఆరితే రాయి, నీళ్లు కిందికి దిగనే దిగవు. దానికి జిప్సం వేసి, పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ పెంచి కలియదున్ని, ఓపిగ్గా లొంగదీసుకోవాలి. ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు. నేను ఆ రెండు కార్డులూ తారుమారు చేశాను.

మరుసటి మార్చిలో ఒక రైతు ల్యాబ్‌కు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. మేమిచ్చిన కార్డును పాలిథీన్ కవరులో పెట్టుకుని, తువ్వాలలో ఒక మట్టిపెళ్ల కట్టుకుని తెచ్చాడు. మా ఆఫీసర్ బల్ల ముందు నిలబడి, గొంతు పెంచకుండా చెప్పాడు.

"సార్, గీ కాయితంల రాసినట్టే జేసిన. మూడు సార్లు కాల్వ నీళ్లు నిండుగ వెట్టి ఇడిసిన. నీళ్లు దిగుతనే లేవు. అయినా కాయితంల ఉంది గదా అని చెరకు ముచ్చెలు నాటిన. అన్ని కుళ్లిపోయినయ్. ఒక్క సాలు మొల్వలేదు."

ఆఫీసర్ రిజిస్టర్ తెమ్మన్నాడు. నంబరు చూడగానే నాకు ఆ తడి సంచులు గుర్తొచ్చాయి. పక్క నంబరు ఆయన పాలివాడిదే, ఆ అన్నదమ్ముల పిల్లల్లో రెండో అతనిది. రిజిస్టర్ ఆఫీసర్ ముందు పెట్టి పక్కన నిలబడ్డాను.

ఆఫీసర్ కార్డూ, రిజిస్టరూ పోల్చి చూశాడు. రెంటిలోనూ ఒకే అంకెలు. ఉంటాయి మరి, రెండూ నేనే రాశాను. "ఇక్కడ అంతా కరెక్టే ఉంది. మీరు మట్టి తీసినప్పుడే ఏదో తేడా జరిగి ఉంటది. గట్టు పక్కన తీసిన్రా? ఇంకో నమూనా పంపండి, చూద్దాం" అన్నాడు.

ఆ రైతు కార్డును మళ్లీ కవరులో పెట్టుకున్నాడు. "అయితే నేనే సక్కగ తియ్యలేదన్నట్టు" అని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. మట్టిపెళ్ల బల్ల మీదే ఉండిపోయింది.

నేను నోరు విప్పలేదు. సంచులు మార్చడం తొందర వల్ల జరిగిన తప్పు. ఈ రెండోది అలాంటిది కాదు. అన్నీ తెలిసి, కళ్లు తెరుచుకుని నిలబడి చేశాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక ఆ పెళ్లను నలగ్గొట్టి నీళ్లలో కలిపి క్షారం చూసే మీటరు పెట్టాను. ముల్లు తొమ్మిది దాటిపోయింది. కారుచౌడే. మీటరు చెడిందేమోనని రెండోసారి చూశాను, మూడోసారి కూడా చూశాను.

"నీ మీటరుకేం కాలేదు బేటా" అన్నాడు చాచా వెనక నుంచి. ఎప్పుడొచ్చాడో తెలియదు. జరిగింది మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"పొద్దున ఆయన్ను సూసిన. ఒర్లి లొల్లి జేసెటోడైతే రేపు మళ్లొస్తుండె, ఎల్లుండి గూడ వస్తుండె. గీయన రాడు. తప్పు తనదే అని మీదేస్కొని పోయిండు."

రోజంతా ఆ మాటే చెవిలో పడుతూ ఉంది.

మర్నాడు ఆఫీసర్‌కు చెప్పేశాను. ఆయన చెడ్డవాడు కాదు. ముందు తలుపు వేసి వచ్చాడు. "రాతలో ఒప్పుకుంటే నీకు మెమో వస్తది. నన్నూ అడుగుతరు, నువ్వేం చూస్తున్నవని" అన్నాడు. ఆయనకు ప్రమోషన్ దగ్గర్లో ఉందని అందరికీ తెలుసు. కాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చుని, "మళ్లా నమూనా తీయడానికి ఫీల్డుకు పోతున్నవని రాసి సంతకం చేస్త. అక్కడ ఏం మాట్లాడుతవో అది నేను రాయ, నేను అడగ" అన్నాడు. ఆ పరిస్థితుల్లో ఆయన అంతకంటే ఎక్కువ ఇవ్వలేడు. నాకు అది చాలు.

మట్టి తీసే ఇనుప బరమాను గోనెసంచిలో చుట్టుకుని బోధన్ బస్సెక్కాను. కండక్టర్ దాన్ని కాలితో తట్టి ఏంటిదని అడిగాడు. బోరు వేసే సామాను కాదని ఆయన్ను నమ్మించడానికి ఎడపల్లి దాకా పట్టింది. బోధన్‌లో దిగి ఆటోలో ఆ ఊరు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. రోడ్డుకు రెండు వైపులా చెరకు నా నడుము దాకా ఉంది. ఆయన తోటా ఈపాటికి ఇంత కాకపోయినా మోకాలి దాకా రావాలి కదా అనుకుంటూ కూర్చున్నాను.

ఇంట్లో ఆయన భార్య మాత్రమే ఉంది. మట్టి ఆఫీసు నుంచి వచ్చానంటే పైనుంచి కిందికి చూసింది. మంచినీళ్లు ఇచ్చి, "పొలం కాడనే ఉంటడు. నడువు" అని ముందు నడిచింది. పిల్లకాలువ గట్టు మీద పోతూ వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"నాలుగు రోజులాయె, మనిషి మాట్లాడుతలేడు. గీడ తీసిన్నా, గాడ తీసిన్నా అనుకుంట మడంత తిరుగుతుండు. కాయితాన్ని నమ్ముకోకు, నీళ్లు దిగుతలేవు, ముచ్చెలు నాటకు అని నేను మొత్తుకున్న. ఇనలే. ఇప్పుడు ఊరంత నగుతున్నరు. నేను గూడ అన్న, నీకు మట్టి తీసుడే రాదని."

నేను ఆగిపోయాను. "అక్కా, ఆయన మట్టి మంచిగనే తీసిండు. తప్పు నాది. సంచులు నేనే మార్చిన" అన్నాను.

ఆమె ఇటు తిరిగింది. కోపమో, ఏడుపో, ఆ మొహంలో ఏముందో నాకు అంతుపట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"గీ మాట నాకు జెప్తే ఏం ఫాయిద? ఆయనకు జెప్పు."

ఆయన మడి మధ్యలో గొంతుకూర్చుని ఉన్నాడు. చుట్టూ నల్లగా పెచ్చు కట్టి, నెర్రెలిచ్చిన నేల. అక్కడక్కడ కుళ్లిన ముచ్చెలు, జానెడేసి చెరకు ముక్కలు, బయటికి కనిపిస్తున్నాయి. నేను దారిలో కట్టుకున్న మాటలన్నీ పోయాయి. జరిగింది జరిగినట్టు, సంచులు తడవడం, నేను నంబరు వేసెయ్యడం, ఆ రోజు ఆఫీసులో ఆయన ముందు నిలబడి మాట్లాడకపోవడం, అన్నీ చెప్పాను. ఆయన నేల వైపే చూస్తూ విన్నాడు. ఆ తర్వాత తలెత్తి అడిగింది ఒక్కటే.

"అయితే మేడం, నేను మట్టి సక్కగనే తీసిన్నా?"

"సక్కగనే తీసినవన్నా."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. "నీళ్లు దిగుతలేవని నేను జెప్పింది గూడ నిజమే గదా" అంది. ఇద్దరి మొహాల్లోనూ ఏదో సడలింది. నన్ను తిట్టడం వాళ్లకు గుర్తు రాలేదో, తర్వాత తిడదామనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన లేచి, పోయినేడు మట్టి ఎలా తీశాడో నాకు చూపించాడు. మడిలో వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల ఆగి, పైన గడ్డి గీకేసి, జానెడు లోతు కోసి, పక్క నుంచి పలచగా ఒక చెక్క తీసి, అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి... మా శాఖ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. ఏడేళ్లు ఆ మట్టి మీదే బతుకుతూ నేను ఒక్కసారి కూడా చెయ్యని పని అది. నా వంతుగా బరమా దింపబోతే అది గింగిరాలు కొట్టింది. "గట్ల కాదు మేడం, బరువు మీద పడాలె" అని ఆయనే పట్టు చూపించాడు. రెండు జానల కింద గట్టి పొర తగిలింది. ఆ పొర మట్టిని చేత్తో నలిపి చూశాను. నీళ్లు ఎందుకు దిగలేదో మీటరు చెప్పకముందే నా వేళ్లకు తెలిసింది. అంత బాధలోనూ, నిజం చెప్పొద్దూ, నాకు లోపల చిన్న సంతోషం కలిగింది. ఆ సంతోషానికి అప్పుడే సిగ్గు కూడా పడ్డాను.

తిరిగి వెళ్లేముందు పాలివాడి ఇంటికీ వెళ్లాను. నేనిచ్చిన కార్డు ప్రకారం ఆయన జిప్సం చల్లి వృథా చేసుకున్నాడు. ఆయన మాత్రం ఊరుకోలేదు. వాకిట్లో నిలబెట్టి, చుట్టుపక్కల వాళ్లు వినేలా తిట్టాడు. నిలబడి విన్నాను. ఆ తిట్లు నాకు కొంత మేలే చేశాయి.

కార్డులు సరిచెయ్యాలంటే తప్పు రాతలో ఒప్పుకోక తప్పలేదు. మెమో వచ్చింది. జవాబు రాశాను. సర్వీసు బుక్కులో అది ఇప్పటికీ ఉంటుంది. ఆఫీసర్ ప్రమోషన్ ఆగలేదు. సరిచేసిన కార్డులు రెండూ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మడి చుట్టూ మురుగు కాలువ తవ్వాలి, జిప్సం వెయ్యాలి, జీలుగ పెంచి దున్నాలి, ఆ తర్వాత వరి వెయ్యాలి, రెండేళ్లు చెరకు మాట తలవకూడదని చెప్పాను. భార్య అంతా విని ఒక షరతు పెట్టింది.

"నువ్వు మళ్ల మళ్ల వచ్చి సూడాలె. కాయితం పంపుడు కాదు."

వెళ్లాను. సెలవు రోజుల్లో, సీజన్‌కు రెండు మూడుసార్లు. మొదటి ఏడు జీలుగ సగం మడిలో మొలిచి సగంలో చచ్చిపోయింది. ఆ రోజు నేను బస్సులో ఏడ్చాను. చాచా మాత్రం "సగం మొలిచిందంటివి గదా" అన్నాడు. మురుగు కాలువ ఒక మూల మిట్టగా ఉందని కనిపెట్టింది ఆ రైతు భార్యే. దాన్ని లోతు చేశారు. రెండో ఏడు జీలుగ ఛాతీ ఎత్తు పెరిగింది. దాన్ని కలియదున్నిన రోజు గట్టు మీద నిలబడి చూశాను. పచ్చి జీలుగ నలిగిన ఘాటు వాసన నా చీరకు పట్టుకుని ఇంటిదాకా వచ్చింది. నీళ్లు పెడితే మర్నాటికి లోపలికి ఇంకాయని కబురొచ్చింది. ల్యాబ్‌లో ముల్లు తొమ్మిదికి దిగింది, తర్వాత ఎనిమిదిన్నరకు. ఆ ముల్లు దిగడం చూడాలని నేను ఆఫీసుకు అరగంట ముందు వచ్చేదాన్ని. అప్పటికి చాచా రిటైరయ్యాడు. సంచి విప్పి చీటీ పైకి చదవడం నాకు అలవాటైపోయింది. నా వేగం సగానికి పడిపోయింది. కొత్త కుర్రవాళ్లు నన్ను చూసి లోపల విసుక్కునే ఉంటారు.

అమ్మా, పని మీద ఇష్టం పుట్టే దాకా ఆగి ఆ తర్వాత మంచిగా చేద్దామనుకుంటే నీ ఏళ్లూ నా ఏడేళ్లలాగే పోతాయి. నాకు ఇష్టం పుట్టింది తప్పు దిద్దుకోవడానికి వెళ్లిన చోట. అందరూ నాలా ఒకరి పంట పాడుచేసి నేర్చుకోవాలని నేననను. నీ బల్ల మీదికి వచ్చిన సంచి ఏ పొలం నుంచి వచ్చిందో ఒక్కసారి పోయి చూడు. అంతే చెప్పగలను. విజయం అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు. నాకు అవార్డేమీ రాలేదు. ఆ ఊరి గురించి నా రికార్డులో ఉన్న కాగితం ఒక్క మెమోనే.

మూడో ఏడు జనవరిలో వాళ్లు మళ్లీ చెరకు నాటారు. ఆ రోజు నన్ను రమ్మన్నారు. గట్టు మీద కూర్చుని చూస్తుంటే ఆ అక్క వచ్చి నా ఒళ్లో ఒక కట్ట ముచ్చెలు పెట్టింది. "కూసుండి సూస్తె అయితదా. గీ గట్టు పక్క సాలు నీది" అంది. చీర కుచ్చిళ్లు చెక్కుకుని దిగాను. పసుపు పండించే ఇంట్లో పుట్టి కూడా బురదలో కాలు పెట్టడం అదే మొదటిసారి. మొలక వచ్చే కన్ను పక్కకు ఉండేలా పెట్టాలని తెలియక కిందికి పెట్టేశాను. ఆయన వెనకే వచ్చి ఒక్కోటీ తిప్పి సరిచేశాడు. సాలు వంకర పోయింది. దాన్ని మాత్రం సరిచెయ్యలేదు, ఆయన భార్య వద్దంది.

ఆ తర్వాత నెల రోజులకు పైగా కబురు లేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ మోగింది. అప్పటికి వచ్చిన కొత్త ఆఫీసర్ ఎత్తి, నీకే అని రిసీవర్ ఇచ్చాడు. ఎస్టీడీ బూత్ నుంచి ఆయన గొంతు.

"మేడం, మొలిసింది. మొత్తం మడి మొలిసింది." పక్కన భార్య ఏదో అందిస్తోంది. "నీ సాలు గూడ మొలిసిందట. మా ఇంటామె జెప్పుమన్నది."

ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక ఆఫీసర్, "ఏంటి, కంప్లైంటా?" అన్నాడు.

"కాదు సార్. చెరకు మొలిచిందట."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నేను నా బల్ల దగ్గరికి వెళ్లి, ఆ వారం ఆ మడి నమూనా రాసిన పేజీ తీశాను. మా రిజిస్టర్లో పేరుకు, ఊరికి, అంకెలకు, మేమిచ్చే సలహాకు గడులున్నాయి. సలహా ఇచ్చాక ఏమైందో రాసుకునే గడి లేదు. చివర రిమార్కుల గడి ఒకటి ఖాళీగా ఉంది. అందులో "మొలిచింది" అని రాశాను. సాయంత్రం ఆఫీసర్ పేజీ కింద సంతకం పెట్టేటప్పుడు ఆ మాట దగ్గర ఆగి, నా వైపు చూసి, సంతకం పెట్టాడు.